బాస్ గిటార్ నాబ్ వేలికి తెలియాలి

బాస్ వాయించేవాళ్లు నలుగురు చేరితే మాటలు తీగల మీదికి, వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌ల మీదికి, ఆంప్ మీదికి పోతాయి, గంటలు తెలియవు. సౌండ్ సర్దే నాబ్‌ల సంగతి ఎత్తితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఏముంది బ్రదర్, క్రోమ్ కావాలా బ్లాక్ కావాలా చూసుకో, పెట్టేసుకో" అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ. వాయిస్తున్నంతసేపూ తీగల తర్వాత మన చెయ్యి వెళ్లేది నాబ్ మీదికే. పాట ఆగకుండా గిటార్ మీదే సౌండ్ సర్దుకోవాలంటే ఉన్న దారి కూడా అదే. అలాంటిదాన్ని ఫొటో చూసి, రంగు చూసి, ప్యాకెట్ మీద సెట్ అని రాసి ఉంది కదా అని కొనేస్తున్నాం. ముందు షాఫ్ట్‌కు, అంటే నాబ్ కూర్చునే కడ్డీకి, సరిపోతుందో లేదో చూడాలి, తర్వాత వేళ్లకు ఎలా ఉంటుందో చూడాలి, రంగు సంగతి ఆ తర్వాత. చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు, అందుకే మంచి మంచి గిటార్ల మీద కూడా ఎవరూ తిప్పని నాబ్‌లు కనిపిస్తుంటాయి.

నేను విశాఖపట్నంలో ఉంటాను. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో వెళ్తాను. నా గిటార్ ఫెండర్ కంపెనీ జాజ్ బాస్ తరహాది: నాలుగు తీగలు, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. ఇక్కడ రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది గానీ వేరే బాస్ ఉన్నవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది.

నాబ్ మారిస్తే సౌండ్ మారదు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మారదు, నిజమే. సౌండ్ పని చేసేదంతా నాబ్ కింద ఉండే పాట్, అంటే ఎలక్ట్రానిక్స్ షాపులో వాల్యూమ్ కంట్రోల్ అని అడిగితే ఇచ్చేది. మామూలుగా జాజ్ బాస్, అదే కంపెనీ ప్రెసిషన్ బాస్‌లలో 250 కిలో ఓమ్‌ల పాట్ ఉంటుంది, రెండు కాయిల్‌ల హంబకర్ పికప్‌లు ఉంటే 500 వాడతారు, ఈఎంజీ లాంటి బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు 25. దాని మీద వెండి నాబ్ పెట్టినా వేపచెక్క నాబ్ పెట్టినా తీగ నుంచి వచ్చే సిగ్నల్‌కు ఏమీ తేడా లేదు. తేడా వచ్చేది మన చేతికి. చెమట చేత్తో పట్టుకుంటే జారే నాబ్‌ను, కింది ప్లేటుకు రాసుకుంటూ బరువుగా తిరిగే నాబ్‌ను ఒకటి రెండుసార్లు తిప్పి చూసి వదిలేస్తాం. ఆ తర్వాత అన్నీ పదిమీద, అంటే పూర్తిగా తెరిచి పెట్టేసి, ఏ తేడా కావాలన్నా మిక్సర్ దగ్గర కూర్చున్న తమ్ముడికి సైగ చేస్తూ ఉంటాం. ఇలా వాయించే వాళ్లను వేదికల మీద చాలామందిని చూశాను. నాబ్ సౌండ్ మార్చదు గానీ, సౌండ్ మార్చాలన్న ఆలోచన మనకు రావాలా వద్దా అన్నది చాలాసార్లు దాని చేతిలోనే ఉంటుంది.

అన్నీ పదిమీద పెట్టి వాయించడం తప్పని అనడం లేదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డులకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ప్రెసిషన్ బాస్‌ను వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా తెరిచి వాయించేవాడు. టోన్ అంతా ఆయన వేలిలో, ఎప్పుడూ మార్చని ఆ లావు, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగల్లో, తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర పెట్టిన స్పాంజి ముక్కలో ఉంది. అలా వాయించేవారికి కావాల్సింది చెయ్యి తగిలినా కదలని పొట్టి నాబ్. అందుకే నాబ్‌లు కొనాలనుకునే ఎవరినైనా నేను మొదట అడిగేది ఒకటే: పాట మధ్యలో తిప్పుతావా, తిప్పవా? తిప్పనంటే పొట్టిగా, నున్నగా, కాస్త బిగుతుగా ఉన్నవి తీసుకో, కథ అయిపోయింది. తిప్పుతానంటేనే మిగతా మాటలన్నీ.

జాజ్ బాస్ ఉన్నవాడు తిప్పకపోతే మాత్రం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ గిటార్‌లో ఉన్న విశేషమంతా ఆ రెండు వాల్యూమ్‌ల మధ్యే ఉంది. రెండు పికప్‌లూ పూర్తిగా తెరిస్తే ఒకే తీగను రెండు చోట్ల నుంచి వింటున్నట్టు లెక్క, కొన్ని మధ్య స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, సౌండ్ మధ్యలో కాస్త లోయ పడుతుంది. హమ్ అనే గుయ్‌మనే రొద కూడా రెండూ సమానంగా ఉన్నప్పుడు పోతుంది. నెక్ వైపు ఉన్న పికప్‌ను పది నుంచి ఎనిమిదికి తెస్తే చాలు, ఆ లోయ పూడుతుంది, నోటు ముందుకొచ్చి నిలబడుతుంది, కాస్త హమ్ కూడా తిరిగొస్తుంది. బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్, నెక్ మీది లోహపు ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బాస్ మీద వినిపించిన ఆ ముక్కుతో పలికినట్టుండే గొంతు, బ్రిడ్జ్ వైపు పికప్ మీద ఎక్కువగా ఆధారపడటం వల్ల వచ్చిందే. ఈ తేడాలన్నీ వాల్యూమ్ పది నుంచి ఏడు మధ్యలోనే జరిగిపోతాయి, కిందికి వెళ్లేకొద్దీ ఆ పికప్ ఉన్నా లేనట్టే.

ఇక్కడే నాబ్ సైజు లెక్కలోకి వస్తుంది. పాట్ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది. పది నుంచి ఏడుకు అంటే 90 డిగ్రీలు. 15 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నాబ్ అయితే ఆ 90 డిగ్రీలకు నా వేలి కొన ప్రయాణించేది 12 మిల్లీమీటర్లు కూడా ఉండదు. 20 మిల్లీమీటర్ల నాబ్ అయితే దాదాపు 16. పాతిక అయితే 20కి దగ్గర. మనకు కావాల్సిన తేడాలన్నీ ఆ కాస్త దూరంలోనే ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి, దూరం పెరిగితే చెయ్యి అంత నిదానంగా, కచ్చితంగా ఆగగలుగుతుంది. అలాగని పాతిక సైజువి జాజ్ బాస్ ప్లేటు మీద పెడితే పక్క నాబ్‌కు వేలు తగులుతుంది, ఒకటి తిప్పబోతే రెండోది కూడా కదులుతుంది. 19, 20 దగ్గర ఆగడం మంచిదని నా అనుభవం.

మా చర్చిలో పాట అయ్యాక పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడతారు. కీబోర్డు తమ్ముడు ప్యాడ్ సౌండ్ సన్నగా పట్టుకుని ఉంటాడు. ఆ సమయంలో బాస్ కావాలి, కానీ దాని రాక ఎవరికీ తెలియకూడదు. వాల్యూమ్ సున్నాకు తెచ్చి, తీగను చూపుడు వేలితో మీటి, ఆ మీటిన చప్పుడు దాటిపోయాక చిటికెన వేలితో నాబ్‌ను మెల్లగా పైకి తోస్తాను. నోటు ఎక్కడ మొదలైందో తెలియకుండా కింద నుంచి పైకి లేస్తుంది. బొటనవేలు పికప్ మీద ఆనించి ఉంటుంది కాబట్టి నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకునే వీలు లేదు, చిటికెన వేలి పక్క భాగం ఒక్కటే దాన్ని తోయాలి. నున్నటి గుండ్రటి నాబ్ అయితే వేలు దాని మీద నుంచి జారిపోతుంది, జారిన వేలు మళ్లీ వెతుక్కునేలోపు నోటు చచ్చిపోతుంది. పక్కల గీతలు ఉన్న లోహపు నాబ్ అయితే వేలి చర్మాన్ని పట్టుకుంటుంది. ఎత్తు కూడా ఉండాలి, కనీసం 15 మిల్లీమీటర్లు. పొట్టి నాబ్‌కు వేలు ఆనే చోటు దొరకదు. మే నెలలో విశాఖ ఉక్కపోతలో, ఫ్యాన్లు సరిగా తిరగని హాల్లో ఈ పని చేసి చూడండి, నేను ఎందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది.

బ్యాటరీ లేని పాసివ్ బాస్‌లో ఇంకొకటి ఉంది. వాల్యూమ్ తగ్గించేకొద్దీ పై స్వరాలు కూడా కొంత పోతాయి, పాట్ నిరోధం, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి చేసే పని అది. ప్రార్థన దగ్గర నాకది వరం, మెత్తగా వస్తుంది. పెళ్లిలో మాస్ పాట మధ్యలో అదే విసుగు.

ఇప్పుడు షాఫ్ట్ సంగతి. ముందు చూడాలన్నది దీన్నే, కానీ నాబ్ ఎందుకు ముఖ్యమో చెప్పకుండా దీన్ని మొదలుపెడితే ఎవరూ చదవరు. పాట్ నుంచి పైకి వచ్చే కడ్డీ రెండు రకాలు. ఒకటి సాలిడ్, గుండ్రంగా నున్నగా ఉంటుంది, కొన్నిటికి ఒక పక్క చదునుగా కోసి ఉంటుంది. రెండోది మధ్యలో చీలి, చుట్టూ సన్నటి పళ్లు ఉన్నది. సాలిడ్ దానికి పక్క నుంచి చిన్న స్క్రూ బిగించే నాబ్ కావాలి, పళ్ల దానికి లోపల పళ్లు ఉండి నొక్కితే కూర్చునే నాబ్ కావాలి. ఇంతవరకు సులువే. ఆ తర్వాత ఇంచీకి, మిల్లీమీటర్‌కు గొడవ మొదలవుతుంది. అమెరికాలో తయారైన గిటార్లలో ఎక్కువగా కనిపించే సీటీఎస్ కంపెనీ పాట్‌ల సాలిడ్ షాఫ్ట్ పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. మన దగ్గర మామూలుగా దొరికే ఆసియా తయారీ గిటార్లలో 6 మిల్లీమీటర్లు ఉంటుంది. తేడా 0.35, కంటికి కనిపించదు. 6 నాబ్ 6.35 షాఫ్ట్ మీదికి ఎక్కనే ఎక్కదు. 6.35 నాబ్ 6 షాఫ్ట్ మీదికి హాయిగా ఎక్కేస్తుంది, అసలు ప్రమాదం అదే. స్క్రూ బిగించగానే నాబ్ ఒక పక్కకు నెట్టుకుపోతుంది, తిప్పుతుంటే మధ్య తప్పి ఊగుతూ తిరుగుతుంది, ఒక వైపు ప్లేటుకు రాసుకుంటుంది. ఈ తేడా పూడ్చడానికి సన్నటి ఇత్తడి తొడుగులు దొరుకుతాయి, అవి వేసుకుంటే సరిపోతుంది.

పళ్లలోనూ అంతే. మెట్రిక్ షాఫ్ట్‌లకు 18 పళ్లు, సీటీఎస్ వాటికి 24. ఒకదానిది ఇంకొకదాని మీద బలవంతంగా నొక్కితే ప్లాస్టిక్ నాబ్ నిలువునా చీలుతుంది, లేదా లోపలి పళ్లు అరిగి రెండు నెలల్లో వదులైపోతుంది. అసలు నొక్కడమే మెల్లగా నొక్కాలి, ఎందుకంటే ఆ బలమంతా పాట్ లోపలికి వెళ్తుంది. వదులైన నాబ్‌కు జిగురు పెట్టకండి. షాఫ్ట్ చీలికలో చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి వెడల్పు చేస్తే చాలు, మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది.

మా ఊళ్లో ఒక రిపేరు షాపులో నా గిటార్‌కు చేసిన పని చెప్తాను. టోన్ పాట్ గరగర అంటోందని ఇస్తే కొత్త పాట్ వేశారు, బాగానే ఉంది. కానీ ఆ కొత్తది చీలిన షాఫ్ట్‌ది, నా నాబ్ స్క్రూ ఉన్నది. ఒక్క మాట అడగకుండా ఆ స్క్రూనే బిగించేశారు. చీలిక రెండు వైపులూ దగ్గరికి నొక్కుకుపోయాయి, నాబ్ వంకరగా నిలబడింది, తిప్పితే ఇరవై డిగ్రీలు ఊరికే తిరిగి ఆ తర్వాత పట్టుకుంటోంది. అడిగితే "సౌండ్ వస్తోంది కదా సార్" అన్నారు. సౌండ్ వచ్చింది. నేను డబ్బిచ్చింది తిప్పగలిగే టోన్ కోసం.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో తిరిగే అలవాటున్నవాళ్లకు ఒక మాట. అక్కడ ఆంప్లిఫయర్లకు అమ్మే అల్యూమినియం నాబ్‌లు చాలావరకు 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు చేసినవే, మన దగ్గరున్న చాలా బాస్‌లకు అవి చక్కగా కూర్చుంటాయి. గిటార్ నాబ్ అని పేరు పెట్టి అమ్మేదానికంటే చవక, పట్టు కూడా చాలాసార్లు బాగుంటుంది. షాఫ్ట్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి. కన్నుతో చూసి 6నో, 6.35నో చెప్పలేం.

నేను మాత్రం చివరికి చేయించుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు అన్న దగ్గరికి బొమ్మ గీసుకుని వెళ్లాను: 19 వ్యాసం, 17 ఎత్తు, కింద 6 రంధ్రం, పక్కన 3 మిల్లీమీటర్ల తల లేని గ్రబ్ స్క్రూకు మరలు. ఇత్తడి రాడ్ చేతిలోకి తీసుకున్నాడు. నేను వద్దన్నాను, ఇత్తడి అయితే ఒక్కో నాబ్ 40 గ్రాములకు దగ్గరగా వస్తుంది, అల్యూమినియం అయితే పన్నెండు దాకా. బరువున్న నాబ్ తిప్పితే నిండుగా ఉంటుందనే మాట నిజమే, ఆ నిండుతనం నాకూ ఇష్టమే, కానీ గిటార్ ఎప్పుడైనా ముందుకు పడితే ఆ బరువంతా సన్నటి షాఫ్ట్ మోయాలి. "ఇంత చిన్నదానికి నర్లింగ్ దేనికి తమ్ముడూ?" అన్నాడు. పట్టు కోసం పక్కల కొట్టే గీతలను నర్లింగ్ అంటారు. చెమట చేతికి జారకూడదన్నా అని చెప్తే, ఆయన తన మైక్రోమీటర్ పిడి మీది గీతలు చూపించి నవ్వాడు, ఇంకేమీ అడగలేదు. అడ్డదిడ్డం గళ్ల నర్లింగ్ కాకుండా నిలువు గీతలది కొట్టించాను, తిప్పే దిశకు అడ్డంగా ఉండేవి ఆ గీతలే కాబట్టి పట్టు దాంట్లోనే ఉంది. లేత్ మీద నుంచి దిగిన కొత్త నర్లింగ్ చాలా పదునుగా ఉంటుంది, చర్మం లేచిపోతుంది. సన్నటి ఎమరీ పేపర్‌తో పై అంచు, గీతల మొనలు కాస్త చంపుకోవాలి. ఆ పని ఇంటికొచ్చి నేనే చేసుకున్నాను, గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, వేలితో తడిమి చూసుకుంటూ, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ రుద్దుతూ.

టోన్ నాబ్ మాత్రం 15 వ్యాసంతో, పొట్టిగా చేయించాను. ఇది నా తెలివి కాదు. జాజ్ బాస్ మీద ఏళ్ల తరబడి కనిపించే ఆ నల్ల ప్లాస్టిక్ నాబ్‌లను చూడండి, వాల్యూమ్‌లు రెండూ పెద్దవి, టోన్ చిన్నది. ఎంత మంచి ఆలోచన! వేలు పెట్టగానే ఏది ఏదో తెలిసిపోతుంది, తల వంచి చూడక్కర్లేదు. చీకట్లో లేచి వంటింట్లోకి వెళ్లినా గ్యాస్ స్టవ్ నాబ్ ఎక్కడికి తిప్పితే సిమ్ అవుతుందో చేతికి తెలిసినట్టు తెలియాలి. ఇప్పుడు అమ్మే సెట్లు ఎక్కువగా మూడూ ఒకే సైజువి, నాలుగు నాబ్‌ల యాక్టివ్ బాస్‌లలో నాలుగూ ఒకే అచ్చు. వాల్యూమ్, రెండు పికప్‌ల పాళ్లు కలిపే బ్లెండ్, బేస్, ట్రెబుల్ వరసగా కవల పిల్లల్లా నిలబడి ఉంటే రంగు లైట్ల కింద ఏది పట్టుకున్నామో తెలియదు. రికెన్‌బాకర్ కంపెనీ వాళ్లు నాబ్ నెత్తిన ఏది వాల్యూమో ఏది టోనో అచ్చు వేస్తారు, చూడటానికి చాలా అందంగా ఉంటాయి, వాళ్ల 4001 బాస్ మీద ఆ వెండి బిళ్లల మెరుపు నాకూ ఇష్టం. కానీ ఆ అక్షరాలు చదవాలంటే ఆగి కిందికి చూడాలి. ఒకే సైజు సెట్ ఇప్పటికే కొనేసి ఉంటే, వాటిలో ఒకదాన్నైనా వేరే ఎత్తుది పెట్టండి. అందం కొంచెం చెడుతుందని వెనకాడకండి.

లోహపు నాబ్ కొత్త ఫ్యాషన్ కాదు. 1951లో వచ్చిన మొదటి ప్రెసిషన్ బాస్ మీద ఉన్నవి పక్కలకు నర్లింగ్ ఉన్న లోహపు నాబ్‌లే. 1956లో వచ్చిన హాఫ్నర్ 500/1, అంటే పాల్ మెకార్ట్నీ చేతిలో అందరూ చూసిన ఆ వయొలిన్ ఆకారం బాస్, దాని మీద పాత రోజుల్లో పై అంచు విచ్చుకున్నట్టుండే నాబ్‌లు ఉండేవి, టీకప్ నాబ్‌లు అంటారు. ఆ విచ్చుకున్న అంచు వేలికి బాగా దొరుకుతుంది. జాజ్ బాస్ 1960లో మొదలైనప్పుడు మూడు నాబ్‌లు లేవు, ఒకదాని మీద ఒకటి ఎక్కించిన జంట నాబ్‌లు రెండు ఉండేవి. కింది పెద్దదీ పైన చిన్నదీ ఒకే ఇరుసు మీద, ప్రతి పికప్‌కు దాని వాల్యూమ్, దాని టోన్. 1962 ప్రాంతంలో మూడు నాబ్‌లకు వచ్చేశారు. ఆ జంట నాబ్‌లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, గిటార్ లోపలే ప్రియాంప్ అనే చిన్న ఆంప్ పెట్టుకున్నవాళ్లకు రంధ్రాలు చాలక అవి తప్పవు కూడా. తీసుకుంటే రెండు సైజుల మధ్య తేడా బాగా ఉన్నవి తీసుకోండి. పైది తిప్పుతుంటే కిందిది వెంట తిరిగిందంటే చాలాసార్లు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయని అర్థం, స్క్రూ వదులు చేసి పైదాన్ని గోరంత పైకి లేపి బిగిస్తే సర్దుకుంటుంది.

లోహం పెడితే షాక్ కొడుతుందేమో అని టెన్షన్ పడేవాళ్లకు వివరంగా చెప్పాలి, ఇది ప్రాణాల సంగతి. లోహపు నాబ్ షాఫ్ట్‌కు తగిలి ఉంటుంది, షాఫ్ట్ పాట్ లోహపు డిప్పకు, డిప్ప గ్రౌండ్‌కు. తీగలు కూడా బ్రిడ్జ్ కింద ఉన్న వైరు ద్వారా అదే గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. అంటే పాసివ్ బాస్‌లో నాబ్ పట్టుకోవడమూ, తీగ పట్టుకోవడమూ ఒకటే. ఎర్తింగ్ లేని హాల్లో ఆంప్ బాడీకి కరెంటు పాకితే అది తీగల మీదికి ఎలాగూ వస్తుంది, రెండు చేతులూ తీగల మీద పెట్టి ప్లాస్టిక్ నాబ్ పెట్టుకున్నాను కదా అనుకుంటే ఏం లాభం? మైకుకు పెదవి తగిలినప్పుడు చుర్రుమనేది అందుకే. షామియానాల్లో, జనరేటర్ కరెంటు మీద వాయించేటప్పుడు ఆంప్‌కు వచ్చే లైన్‌లో ఎర్త్ ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి, మూడో పిన్ను లేని ప్లగ్గు పెట్టి సర్దుకుపోవద్దు. ఒక్క చోట మాత్రం ప్లాస్టిక్‌కు నేను ఓటేస్తాను. ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లు పెట్టుకుని, తీగలకు గ్రౌండ్ కలపకుండా వదిలేసిన గిటార్ అయితే, చేతికి మాటిమాటికీ తగిలే గ్రౌండ్ ఆ లోహపు నాబే అవుతుంది. అక్కడ ప్లాస్టిక్‌దో చెక్కదో పెట్టుకోండి.

చెక్క నాబ్‌లంటే మోజు ఎక్కువైంది ఈ మధ్య. గిటార్ బాడీ చెక్కకు మ్యాచింగ్‌గా ఉంటాయి, చేతికి చల్లగా తగలవు, నాకు అభ్యంతరం లేదు. లోపల ఇత్తడి గొట్టం దిగేసి ఉండాలి, స్క్రూ ఆ ఇత్తడిలో బిగియాలి. నేరుగా చెక్కలోనే మరలు కోసినదైతే సముద్రపు తేమకు ఉబ్బి, ఎండకు ఎండి, స్క్రూ దగ్గర పగులుతుంది. బంగారు పూతవి చెమట ఎక్కువున్నవాళ్లకు నిలవవు, వేలు తగిలే చోటే పూత పోయి మచ్చ పడుతుంది. చవక క్రోమ్ కూడా మా ఊరి ఉప్పుగాలికి పొక్కులు లేస్తుంది. పూత లేని అల్యూమినియం రంగు మాస్తుంది, అంతే, గుడ్డతో తుడిస్తే సరి.

పైకి లాగే పాట్ ఉన్నవాళ్లు, అంటే నాబ్ లాగితే సిరీస్‌కో, పాసివ్‌కో మారే పుష్‌పుల్ ఉన్నవాళ్లు, నొక్కి పెట్టే నాబ్‌ల జోలికి పోవద్దు. లాగినప్పుడల్లా వదులవుతూ ఒకరోజు స్టేజి మీద నాబ్ చేతిలోకి వచ్చేస్తుంది. స్క్రూ ఉన్నదే కావాలి, పైన అంచు కాస్త బయటికి ఉంటే ఇంకా మంచిది, గోళ్లకు పట్టు దొరుకుతుంది. నున్నటి గుండు తల ఉన్నది చెమట వేళ్లతో పైకి రాదు.

గీత సంగతి. నాబ్ మీద తెల్ల గీతో, చుక్కో లేకపోతే నేను కొనను. ఎక్కడ ఆగిందో తెలియని వాల్యూమ్‌తో పాట మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఆ గీత నెత్తిన ఒక్కచోటే కాకుండా పక్క అంచు మీదికి కూడా దిగి ఉండాలి, ఎందుకంటే గిటార్ వేసుకున్నవాడికి పై నుంచి కనిపించేది నాబ్ ముఖం కాదు, దాని పక్క. వాల్యూమ్ పూర్తిగా తెరిచినప్పుడు గీత నా కళ్లకు ఎదురుగా వచ్చేలా బిగించుకుంటాను. సాలిడ్ షాఫ్ట్ ఉంటే ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. 18 పళ్లదైతే 20 డిగ్రీలకు ఒక చోటు, 24 పళ్లదైతే 15 డిగ్రీలకు ఒక చోటు, అందులో దగ్గరది చూసుకోవాలి. లేత్‌లో చేయించిన నా వాటికి గీత స్థానంలో రంపపు గాటు పెట్టించాను, రంగు నింపలేదు. గోరు ఆ గాటులో పడుతుంది, కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. బ్లెండ్ పాట్‌కు మధ్యలో టక్కుమని ఆగే చోటు ఉంటుంది, దానికి మాత్రం గీతను సరిగ్గా నిటారుగా పెట్టుకోండి, లేకపోతే రోజూ కళ్లలో పడుతూ ఉంటుంది.

బిగించేటప్పుడు నాబ్‌ను ప్లేటుకు ఆనించవద్దు. ఒక మందపాటి కాగితం మధ్యలో పెట్టి, 1.5 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో స్క్రూ బిగించి, కాగితం లాగేయండి, ఆ సందు చాలు. పాట్ మరీ వదులుగా, చెయ్యి తగిలితే తిరిగిపోయేలా ఉంటే కాగితానికి బదులు సన్నటి ఫెల్ట్ వాషర్ వేసి వదిలేయండి, కాస్త బరువు వస్తుంది. చదును షాఫ్ట్ ఉంటే స్క్రూ ఆ చదును మీదే కూర్చోవాలి. బిగుసుకుపోయిన నొక్కుడు నాబ్ తీయాలంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, పాలిష్ లేచిపోతుంది, పలచటి గుడ్డ పీలిక నాబ్ కింద చుట్టూ దోపి రెండు కొసలూ కలిపి నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది.

తీసిన పాత నాబ్‌లు పారేయకండి. వాటి స్క్రూలతో సహా చిన్న కవర్లో వేసి, కవర్ మీద ఏ గిటార్‌వో రాసి, కేస్ జేబులో పెట్టండి. రేపు గిటార్ అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు ఒరిజినల్ పార్టులు ఉన్నాయా అని అడుగుతారు, ఇంకొకరి బాస్‌కు అర్జెంటుగా నాబ్ కావాల్సి వస్తే స్టేజి వెనక ఆ కవరే పనికొస్తుంది.